స్కూల్ బోర్డుకి నిలబడాలనుకుంటే

టెక్సస్‌లో స్కూల్ బోర్డు సభ్యుడికి జీతం ఉండదు. రాష్ట్ర విద్యా చట్టమే ఆ మాట తేల్చి చెప్పింది. నెలకు ఒకటి రెండు రాత్రులు సమావేశాలు, వాటికి ముందు చదవాల్సిన కాగితాల కట్టలు, బడి సరిహద్దులు మార్చిన నెలలో కంటిమీద కునుకు పట్టనివ్వని ఈమెయిళ్ళు. ఇవన్నీ ఊరికే మొయ్యడానికి సిద్ధపడి, ఆ బరువు మా నెత్తిన పెట్టండని ఇల్లిల్లూ తిరిగి అడగాలి. అయినా నిలబడండనే నేను చెప్తాను. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, కొపెల్ లాంటి చోట్ల ఏ తరగతి గదిలోకి తొంగిచూసినా మన పిల్లలు కనిపిస్తారు. ఆ బళ్ళ బాగోగులు తేల్చే బల్ల దగ్గర మాత్రం మనవాళ్ళు అరుదు. పన్ను కడుతున్నాం, పిల్లల్ని పంపుతున్నాం, నిర్ణయం అయిపోయాక వాట్సాప్ గ్రూపుల్లో బాధపడుతున్నాం. నిర్ణయం జరిగే చోటికి వెళ్ళడం అంత కష్టమేమీ కాదు. దానికి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, అంతే.

ఈ అధ్యాయంలో టెక్సస్‌నే తీసుకుంటున్నాను. ఈ దేశంలో బడి ఎన్నికలకు రాష్ట్రానికో చట్టం. మీరు న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉంటే తేదీలూ ఫారాలూ వేరుగా ఉంటాయి. పని తీరు మాత్రం ఇంచుమించు ఒకటే.

గెలిస్తే ఏం చేస్తారు?

నిలబడతామని వచ్చేవాళ్ళని నేను మొదట అడిగేది ఈ ప్రశ్నే. చాలామంది చెప్పే జవాబుల్లో సగం పనులు బోర్డు చేతిలో ఉండవు. ఫలానా టీచర్ని మార్పిస్తాం అంటారు. రాష్ట్రం పెట్టే పరీక్షలు ఎత్తేయిస్తాం అంటారు. మొదటిది ప్రిన్సిపాల్ నుంచి సూపరింటెండెంట్ దాకా ఉన్న అధికారుల పని, రెండోది ఆస్టిన్‌లో శాసనసభ పని.

టెక్సస్‌లో వెయ్యికి పైగా స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి. బోర్డు సభ్యుల్ని ట్రస్టీలంటారు. ఎక్కువ వాటికి ఏడుగురు ట్రస్టీలు, డాలస్, హ్యూస్టన్ లాంటి పెద్ద వాటికి తొమ్మిదిమంది. ఆ ఏడుగురిలో ఏ ఒక్కరికీ విడిగా అధికారం లేదు. ముందే నోటీసు ఇచ్చి, జనం ఎదుట పెట్టిన సమావేశంలో హాజరైనవాళ్ళలో ఎక్కువమంది ఒక మాట మీదికి వస్తేనే అది బోర్డు నిర్ణయం. బయట, బడి వరండాలో, ట్రస్టీ కూడా మామూలు పేరెంటే. ఈ సంగతి గ్రహించకుండా గెలిచినవాళ్ళు మొదటి ఏడాదంతా చేతులు కట్టేసినట్టు గింజుకోవడం నేను చూశాను.

మరి బోర్డు చేసేదేమిటి? సూపరింటెండెంట్‌ని నియమిస్తుంది, ఏటా ఆ మనిషి పనిని అంచనా కడుతుంది. అన్నిటికంటే పెద్ద పని ఇదే. ఒక మంచి సూపరింటెండెంట్ పదేళ్ళు ఉంటే డిస్ట్రిక్టు నిలబడుతుంది. అయిదేళ్ళలో ముగ్గురు మారితే టీచర్లు పక్క ఊరికి వెళ్ళిపోతారు. తర్వాత బడ్జెట్, పన్ను రేటు. ఆపైన విధానాలు, బడుల సరిహద్దులు, బాండ్ ఎన్నిక పెట్టాలా వద్దా అన్న నిర్ణయం.

డబ్బు సంగతి కాస్త నిదానంగా చూద్దాం. మిగతా అభ్యర్థులు తడబడేది ఇక్కడే, మీరు గట్టిపడాల్సిందీ ఇక్కడే. స్కూలు పన్నులో రెండు పద్దులుంటాయి. ఒకటి నిర్వహణ పద్దు: జీతాలు, కరెంటు, బస్సులు. రెండోది అప్పు తీర్చే పద్దు: బాండ్ల మీద తెచ్చిన డబ్బుకు అసలూ వడ్డీ. బాండ్ డబ్బుతో భవనం కట్టొచ్చు, పైకప్పు వెయ్యొచ్చు, బస్సు కొనొచ్చు. టీచర్ జీతం మాత్రం పెంచకూడదు. "కొత్త స్టేడియానికి డబ్బుంది గానీ టీచర్లకు లేదా?" అని అడగని ఓటరు ఉండడు. ఈ రెండు పద్దుల తేడా రెండు వాక్యాల్లో చెప్పగలిగితే చాలు, ఎదుటి మనిషి మీ మాట వినడం మొదలుపెడతాడు.

రాష్ట్రం ఒక్కో విద్యార్థికి ఇచ్చే ప్రాథమిక కేటాయింపు 2019 నుంచి 2025 దాకా 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోయింది. మధ్యలో ధరలు పెరిగాయి, ఇన్సూరెన్సులు పెరిగాయి. 2025లో శాసనసభ దానికి 55 డాలర్లు కలిపింది, టీచర్ల జీతాలకు విడిగా కొంత ఇచ్చింది. పైగా ఈ డబ్బు పేర్లు నమోదైన పిల్లల లెక్కన రాదు, రోజూ బడికి వచ్చిన పిల్లల సగటు లెక్కన వస్తుంది. ఇది మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. డిసెంబరు సెలవులకు ఇండియా వెళ్ళి, సంక్రాంతి చూసుకుని జనవరి మూడో వారంలో తిరిగొచ్చే కుటుంబాలు మనలో ఎన్ని! పిల్లవాడు రాని ప్రతిరోజూ ఆ సగటు తగ్గుతుంది, దాంతో ఆ బడికొచ్చే డబ్బూ తగ్గుతుంది. ఆస్తుల విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టులు తమ పన్నులో కొంత రాష్ట్రానికి కట్టే పద్ధతి ఒకటి 1993 నుంచి నడుస్తోంది. మీ డిస్ట్రిక్టు అలా కడుతోందా, ఎంత కడుతోందన్నది బడ్జెట్ పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకం డిస్ట్రిక్టు ఆఫీసులో ఎవరడిగినా చూపిస్తారు. పరీక్షకి చదివినట్టు చదవండి.

ఇంకొకటి, బడులు మూసే పని. ఇళ్ళ ధరలు పెరిగి చిన్నపిల్లల కుటుంబాలు దూరం జరిగిన పాత ఊళ్ళలో పిల్లలు తగ్గుతున్నారు. ప్లేనో బోర్డు 2024లో నాలుగు బడులు మూసెయ్యాలని తీర్మానించింది. ఆ రోజు ఓటేసిన ట్రస్టీలు రేపు కిరాణా కొట్లో ఆ తల్లిదండ్రులకే ఎదురుపడాలి. జిమ్మీ కార్టర్ ప్రెసిడెంట్ కావడానికి ముందు జార్జియాలో సమ్టర్ కౌంటీ స్కూల్ బోర్డులో పనిచేశారు. బడుల విలీనం కోసం ఆయన గట్టిగా ప్రచారం చేసినా ఓటర్లు ఒప్పుకోలేదు. తన బడి మూత పడుతుందంటే ఏ ఊరైనా నొచ్చుకుంటుంది. ఆ నొప్పిని తేలిగ్గా తీసుకోని మనిషే ఆ కుర్చీలో ఉండాలి.

ఎవరు నిలబడొచ్చు

అమెరికా పౌరసత్వం కావాలి, పద్దెనిమిదేళ్ళు నిండాలి, ఆ డిస్ట్రిక్టులో ఓటరై ఉండాలి. దరఖాస్తు గడువు నాటికి టెక్సస్‌లో ఏడాది, ఆ డిస్ట్రిక్టులో ఆరు నెలలు వరసగా నివాసం ఉండాలి. స్థానాలు ప్రాంతాల వారీగా విడగొట్టిన డిస్ట్రిక్టయితే మీ ప్రాంతం హద్దులు ముందే చూసుకోండి. ఎన్నిక చాలా చోట్ల మే నెల మొదటి శనివారం, కొన్నిచోట్ల నవంబరులో. మే ఎన్నికకు జనవరి మధ్యలో దరఖాస్తులు మొదలై ఫిబ్రవరి మధ్యలో ముగుస్తాయి. 2025లో జనవరి 15 నుంచి ఫిబ్రవరి 14 సాయంత్రం అయిదింటి దాకా తీసుకున్నారు. ఫీజు లేదు. నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. చివరి రోజు నోటరీ కోసం పరుగులు పెట్టే పరిస్థితి తెచ్చుకోకండి.

దరఖాస్తులో మీ పేరు బ్యాలెట్ మీద ఎలా పడాలో రాయమంటారు. మన పేర్లకు ఇది ముఖ్యం. మూడేళ్ళుగా నలుగురూ మిమ్మల్ని ఒక ముద్దుపేరుతో పిలుస్తుంటే, అది పది అక్షరాలు దాటని ఒకే మాట అయితే, దాన్నీ బ్యాలెట్ మీద వేయించుకునే వీలు చట్టం ఇచ్చింది. ఆఫీసులో అందరూ శ్రీ అని పిలిచే శ్రీలక్ష్మిగారు దాన్ని వాడుకోవచ్చు. అంతేగానీ ఎన్నిక కోసం కొత్తగా ఇంగ్లిషు పేరు తగిలించుకోకండి. మీ పేరు పలకడం నేర్పించండి. మూడుసార్లు పలికించిన మనిషి ఆ పేరు మరిచిపోడు.

ఓట్లు ఎక్కడున్నాయి

ఆంధ్ర, తెలంగాణల్లో బడి కమిటీలు చూసినవాళ్ళకి ఒక అలవాటుంటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఏర్పడే ఆ కమిటీల్లో ముప్పాతికమంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో ఉంటారు, సభ్యుల్లో సగంమంది ఆడవాళ్ళు ఉండాలి. అక్కడ ఎన్నిక జరిగేది బడి ఆవరణలో, తల్లిదండ్రుల మధ్యే. ఇక్కడ అలా కాదు. పిల్లలు బడి వదిలి ముప్పై ఏళ్ళయిన ముసలాయనకీ ఓటుంది, అసలు పిల్లలే లేని జంటకీ ఓటుంది, పిల్లల్ని ప్రైవేటు బడికి పంపేవాళ్ళకీ ఓటుంది. మీ పక్కింట్లో ఇద్దరు పిల్లల్ని అదే బడికి పంపుతున్న హెచ్-1బి దంపతులకు మాత్రం లేదు.

అందుకే వాట్సాప్‌లో మీకొచ్చే శుభాకాంక్షలని ఓట్లుగా లెక్కపెట్టుకోకండి. మూడువందల మంది ఉన్న గ్రూపులో పౌరసత్వం ఉన్నవాళ్ళెందరు, వాళ్ళలో మీ డిస్ట్రిక్టు హద్దుల్లో ఉన్నవాళ్ళెందరు, వాళ్ళలో ఓటరుగా నమోదైనవాళ్ళెందరు, వాళ్ళలో మే నెలలో బయల్దేరి వెళ్ళి ఓటేసేవాళ్ళెందరు? ఆఖరికి మిగిలే సంఖ్య చూస్తే ప్రచారం ఎలా చెయ్యాలో మీకే తెలుస్తుంది. పౌరసత్వం వచ్చి నమోదు కానివాళ్ళని నమోదు చేయించండి. ఎన్నికకు ముప్పై రోజుల ముందే ఆ గడువు ముగుస్తుంది. పౌరసత్వం లేని ఎవరినీ, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, ఓటరు ఫారం ముట్టుకోనివ్వకండి. ఆ ఒక్క సంతకం వాళ్ళని దేశం నుంచి పంపేసే దాకా తీసుకెళ్ళగలదు.

మే ఎన్నికకు జనం తక్కువగా వస్తారు. ప్రెసిడెంటు ఎన్నికకు బారులు తీరిన ఊరే మే శనివారం నాడు ఇంట్లో కూర్చుంటుంది. చాలా డిస్ట్రిక్టుల్లో రెండో విడత పోలింగ్ ఉండదు, ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళే గెలుస్తారు. కాబట్టి ఫలితం కొన్ని వందల ఓట్ల మీద తేలిపోవచ్చు. కౌంటీ ఎన్నికల ఆఫీసులో ఓటర్ల జాబితా తీసుకోండి. ఎవరికి ఓటేశారో అందులో ఉండదు, ఏ ఎన్నికలో ఓటేశారో ఉంటుంది. గత రెండు మూడు మే ఎన్నికల్లో ఓటేసినవాళ్ళ పేర్లు విడిగా తీయండి. మీరు ముందు కలవాల్సింది ఆ మనుషుల్ని. ఆ జాబితాలో పెద్ద వయసువాళ్ళు ఎక్కువ కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఒక గుమ్మం దగ్గర

ఓ అభ్యర్థి వెంట నేను ఇలాగే తలుపులు తట్టడానికి వెళ్ళాను. ఆవిడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇద్దరు పిల్లల తల్లి, పీటీఏలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. ఒక పాత కాలనీలో గరాజ్ తలుపు తెరిచిపెట్టుకుని ఏదో మరమ్మతు చేసుకుంటున్న పెద్దాయన మమ్మల్ని చూసి చేతిలో స్పానర్ కిందపెట్టలేదు. "మా పిల్లల చదువు ఎప్పుడో అయిపోయింది. మీరంతా కలిసి నా పన్ను పెంచుతారు, అంతేగా?" అన్నాడు. ఎవరైనా అక్కడ పాంప్లెట్ చేతిలో పెట్టి తర్వాతి ఇంటికి వెళ్తారు. ఆవిడ వెళ్ళలేదు. "పోయిన బాండ్ ఎన్నికలో బ్యాలెట్ మీద 'ఇది ఆస్తిపన్ను పెంపు' అని చూశారా?" అని అడిగింది. చూశానన్నాడు, అందుకే వద్దని ఓటేశానన్నాడు.

ఆ వాక్యం అక్కడెందుకు ఉందో ఆవిడ చెప్పింది. 2019లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి స్కూల్ బాండ్ ప్రతిపాదన మీదా ఆ మాట అచ్చు వెయ్యాల్సిందే, పన్ను రేటు పెరిగినా పెరగకపోయినా. తర్వాత మెల్లిగా, "మీకు అరవై అయిదు దాటిందనుకుంటాను. వృద్ధుల మినహాయింపుకి పెట్టుకున్నారా?" అంది. పెట్టుకున్నాడు. అలాగైతే ఆయన ఇంటి మీద స్కూలు పన్ను ఆ మినహాయింపు వచ్చిన ఏడాది కట్టిన మొత్తం దగ్గరే ఆగిపోయింది. ఇంటికి కొత్తగా గదులు కట్టుకుంటే తప్ప బాండ్ వచ్చినా అది పెరగదు. ఆయన లోపలికెళ్ళి పన్ను బిల్లు తెచ్చాడు. ఇద్దరూ గరాజ్‌లో పనిబల్ల మీద కాగితం పరిచి వరస వెంట వేలుపెట్టి చూశారు: కౌంటీ, సిటీ, కాలేజీ, స్కూలు. స్కూలు వరసలో అంకె పోయినేటిదే.

మేం వచ్చేటప్పుడు ఆయన ఓటేస్తానని మాటివ్వలేదు. యార్డ్ సైన్ ఒకటి గుమ్మం పక్కన పెట్టుకోమంటే మాత్రం సరేనన్నాడు. ఆ సందులో అదే మొదటి సైన్. ఆ ఇంటి దగ్గర చాలాసేపే గడిచింది. ఆ సమయంలో పది తలుపులు తట్టొచ్చని వెంట వచ్చిన కుర్రాడు గొడవపడ్డాడు. నా లెక్కలో ఆవిడ చేసిందే సరైన పని. ఎదుటివాడి భయానికి మీ దగ్గర కాగితం మీద చూపించగల జవాబుంటే, ఎంతసేపైనా అక్కడ నిలబడండి.

మన గోల, అందరి గోల

తెలుగు తల్లిదండ్రులు నలుగురు కలిస్తే మాట జీపీఏ, క్లాస్ ర్యాంకు, ఏపీ కోర్సులు, యూటీ ఆస్టిన్ చుట్టూ తిరుగుతుంది. అది సహజమే. క్లాసులో పైస్థాయి పిల్లలకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా సీటిచ్చే చట్టం 1997 నుంచి ఉంది. యూటీ ఆస్టిన్ ఆ గీతను 2026 నుంచి పై అయిదు శాతానికి కుదించింది. పిల్లల భవిష్యత్తు ఒక దశాంశం మీద ఆధారపడ్డట్టు అనిపించినప్పుడు ఎవరికైనా గుండె కొట్టుకుంటుంది. కానీ అభ్యర్థిగా ఆ ఒక్క మాటే పట్టుకుని తిరిగితే మీరు తెలుగువాళ్ళ అభ్యర్థిగా మిగిలిపోతారు. బోర్డులో ఆ సీటు ఊరందరి పిల్లలది.

మాటలు రాని పిల్లవాడిని స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం బడి చుట్టూ తిప్పుతున్న తల్లిని వెతుక్కుంటూ వెళ్ళి ఒకసారి కూర్చోండి. ప్రత్యేక విద్య పొందే పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టు టెక్సస్ ఏళ్ళ తరబడి ఒక లెక్క పెట్టింది. అది చట్టవిరుద్ధమని కేంద్ర విద్యాశాఖ 2018లో తేల్చింది. ఆ ఏళ్ళలో ఎందరో పిల్లలకు సాయం అందలేదు. మన ఇళ్ళలోనూ అలాంటి పిల్లలున్నారు. కాకపోతే మనం బయటికి చెప్పుకోం. ఆ తల్లి మాట విని, తర్వాత సభలో మీరు ఆ విషయం ఎత్తితే, హాల్లో ఓ మూల కూర్చున్న తెలుగు తల్లి కూడా మొదటిసారి తలెత్తి చూస్తుంది. అలాగే బస్సు డ్రైవర్లు, క్యాఫెటీరియా పనివాళ్ళు, కొత్తగా ఇంగ్లిషు నేర్చుకుంటున్న పిల్లలు. వాళ్ళ గురించి తెలుసుకోకుండా బోర్డులో కూర్చునే హక్కు ఎవరికీ లేదని నేను నమ్ముతాను.

బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. అయినా పార్టీల గాలి వీస్తుంది. 2022 మే నెలలో టారెంట్ కౌంటీలో పేట్రియాట్ మొబైల్ అనే ఫోన్ కంపెనీకి చెందిన రాజకీయ కమిటీ నాలుగు డిస్ట్రిక్టుల్లో 11 మందిని బలపరిస్తే, 11 మందీ గెలిచారు. ఎదుటి పక్షం వాళ్ళూ డబ్బు తెస్తున్నారు. లైబ్రరీ పుస్తకాల గురించి మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. 2025లో వచ్చిన చట్టంతో బడి లైబ్రరీకి కొనే పుస్తకాలకు బోర్డు ఆమోదం తప్పనిసరి అయింది, కాబట్టి అడగడం న్యాయమే. ఇటు ఒకలా అటు ఒకలా చెప్పకండి. ఎవరడిగినా అదే జవాబు, అవే మాటల్లో చెప్పండి. చిన్న ఊళ్ళో రెండు నాలుకలు ఒక్క వారంలో బయటపడతాయి.

ఏడాది ముందే

మంచి అభ్యర్థులు దరఖాస్తు పెట్టే రోజున పుట్టరు. ఏడాది ముందు నుంచీ ప్రతి బోర్డు సమావేశానికీ వెళ్ళండి. ఎజెండాలో ఉన్న విషయం మీద జనం మాట్లాడే హక్కు 2019 నుంచి టెక్సస్ చట్టంలోనే ఉంది. చీటీ రాసిచ్చి రెండు మూడు నిమిషాలు మాట్లాడండి, అదీ ఫిర్యాదు కాకుండా ఒక అంకె మీద. ప్రతి డిస్ట్రిక్టులోనూ ఆరోగ్య సలహా మండలి ఉండాలని, దాంట్లో ఎక్కువమంది డిస్ట్రిక్టు ఉద్యోగులు కాని తల్లిదండ్రులు ఉండాలని చట్టం. చాలా చోట్ల అందులో చేరేవాళ్ళు దొరకరు. చేరండి. బాండ్ కమిటీ, క్యాలెండర్ కమిటీ, సరిహద్దుల కమిటీ వేసినప్పుడల్లా పేరివ్వండి. పీటీఏలో పిజ్జాలు పంచిన అమ్మలు తమకి అనుభవం లేదనుకుంటారు. ఆ బడిలో ఏ గది పైకప్పు కారుతుందో, ఏ టీచర్ ఎందుకు వెళ్ళిపోయిందో తెలిసినవాళ్ళు వాళ్ళే. నా మాట వింటే ముందు నిలబడాల్సింది వాళ్ళు.

డబ్బు, నియమాలు

ఒక్క డాలరు తీసుకోకముందే, ఒక్క డాలరు ఖర్చుపెట్టకముందే ప్రచార కోశాధికారి పేరు రాసిన ఫారం డిస్ట్రిక్టు ఆఫీసులో ఇవ్వాలి. మీకు మీరే కోశాధికారి కావచ్చు. లెక్కల నివేదికలు ఎన్నికకు 30 రోజుల ముందొకటి, 8 రోజుల ముందొకటి.

మనవాళ్ళు తెలియక జారిపడే చోట్లు మూడున్నాయి. మీ స్నేహితుడు తన కన్సల్టింగ్ కంపెనీ చెక్కు రాసిస్తాడు. టెక్సస్‌లో కార్పొరేషన్లు అభ్యర్థులకు చందా ఇవ్వకూడదు. మర్యాదగా తిరిగిచ్చి సొంత ఖాతా నుంచి ఇవ్వమనండి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర చందా తీసుకోవడాన్ని కేంద్ర చట్టం నిషేధించింది. గ్రీన్‌కార్డు వాళ్ళు ఇవ్వొచ్చు. వీసా మీద ఉన్న మిత్రులు జీతం తీసుకోకుండా మీ వెంట నడవొచ్చు, ఫోన్లు చెయ్యొచ్చు. మూడోది, గుడి, తెలుగు సంఘం. 501(సి)(3) కింద నమోదైన సంస్థ ఒక అభ్యర్థిని బలపరచకూడదు. ఉగాది వేదిక మీద మీకు శాలువా కప్పి ఓటెయ్యమని అధ్యక్షులవారు ప్రకటిస్తే ఇబ్బంది ఆ సంస్థకే. అభ్యర్థులందరినీ పిలిచి చర్చ పెట్టమనండి. మిగతా అభ్యర్థులు గుడి వాకిట్లోకి వచ్చి మనవాళ్ళ ప్రశ్నలకు జవాబు చెప్పడం కూడా మనకి మేలే.

డిస్ట్రిక్టు ఈమెయిలు, బడి కాపీ మిషను, టీచర్ పనివేళలు మీ ప్రచారానికి వాడకండి. ప్రజల డబ్బుతో ప్రచారం చట్టవిరుద్ధం. ఇరుక్కునేది పాపం మీకు సాయం చేసిన టీచరు. యార్డ్ సైన్లు రోడ్డు పక్క ప్రభుత్వ స్థలంలో పాతకూడదు. హెచ్‌ఓఏ వాళ్ళు మీ ముంగిట్లోదాన్ని తీసెయ్యమంటే చట్టం మీ పక్షాన ఉంది. ఎన్నికకు 90 రోజుల ముందు నుంచి సొంత ఇంటి ముందు రాజకీయ సైన్ పెట్టుకోవడాన్ని వాళ్ళు ఆపలేరు.

ఇంట్లో వాళ్ళతో

ఇంట్లో అందరూ ఒప్పుకోకపోతే దరఖాస్తు పెట్టకండి. జనవరి నుంచి మే దాకా సాయంత్రాలు మీవి కావు. హైస్కూల్లో ఉన్న పిల్లవాడిని ముందు అడగండి. రేపు వాడి ప్రిన్సిపాల్, వాడి కోచ్, వాడి స్నేహితుల తల్లిదండ్రులు మీ గురించి మాట్లాడతారు. వాడికి ఇష్టం లేకపోతే వాడు పట్టా పుచ్చుకునేదాకా ఆగినా నష్టం లేదు. ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మానాన్నలకి ఇది సర్పంచ్ ఎన్నికలా అనిపించి కంగారుపడొచ్చు. కూర్చోబెట్టి చెప్పండి. వాళ్ళకి పని కూడా ఇవ్వండి. డోర్ హ్యాంగర్లు కట్టలు కట్టడంలో మా అత్తయ్యగారిని మించినవాళ్ళు లేరు. భాష రాకపోయినా ఆవిడ వచ్చిన ప్రతి వాలంటీరుకీ ఫిల్టర్ కాఫీ ఇచ్చి, ఎన్ని ఇళ్ళయ్యాయో వేళ్ళమీద అడిగి నోట్‌బుక్‌లో గీతలు గీసేది.

ముందస్తు పోలింగ్ వారం

మే ఎన్నికకు ముందస్తు పోలింగ్ వారం రోజులకు పైగా జరుగుతుంది. మీ ఓట్లలో పెద్దభాగం అప్పుడే పడేట్టు చూసుకోండి. శనివారం నాడు పిల్లల సాకర్ ఆటలుంటాయి, వానొస్తుంది, మనవాళ్ళకి ఎవరింట్లోనో గృహప్రవేశం ఉంటుంది. ఓటేస్తానన్న ప్రతివాళ్ళకీ ఫోన్ చేసి ఏ రోజు, ఏ చోట, ఎన్నింటికి అని అడగండి. "వెళ్తాం లెండి" అన్నది జవాబు కాదు. "బుధవారం ఆఫీసు నుంచి వస్తూ లైబ్రరీ దగ్గర" అన్నది జవాబు.

పోలింగ్ కేంద్రం తలుపుకు వంద అడుగుల లోపల ప్రచారం చెయ్యకూడదు. గీత బయట టెంటు కింద నిలబడి పొద్దున్నించీ రాత్రి దాకా వచ్చినవాళ్ళందరికీ నమస్కారం పెట్టండి. పక్క టెంటులో మీ ప్రత్యర్థి కూడా ఎండలో నిలబడి ఉంటారు. మంచినీళ్ళు ఇవ్వండి. గెలిచాక వాళ్ళ ఓటర్లే మీ దగ్గరికి బడి సమస్యలతో వస్తారు.

గెలిస్తే ప్రమాణం చేసిన దగ్గర్నుంచి చదువు మొదలవుతుంది. కొత్త ట్రస్టీలకు శిక్షణ తప్పనిసరి. టెక్సస్‌లో ఏడుగురు ట్రస్టీలనీ సూపరింటెండెంట్‌నీ కలిపి 'టీమ్ ఆఫ్ ఎయిట్' అంటారు, ఎనిమిదిమందీ కలిసి కూర్చుని నేర్చుకునే తరగతులుంటాయి. అక్కడ మీరు పోటీలో విమర్శించిన మనిషి పక్క కుర్చీలో ఉండొచ్చు. మొదటి ఆరు నెలలు ఎక్కువ వినండి. ఆ ఏడాది బడ్జెట్ ముసాయిదా అప్పటికే సిద్ధమైపోయి ఉంటుంది, జూన్‌లోనో ఆగస్టులోనో ఓటుకు వస్తుంది. కొత్తవాళ్ళం కదా అని ప్రశ్న అడగకుండా చెయ్యెత్తకండి.

ఓడితే సైన్లు వారం రోజుల్లోపు మీరే తీయించండి, చివరి లెక్కల నివేదిక గడువులోపు ఇవ్వండి, గెలిచినవాళ్ళకి ఆ రాత్రే ఫోన్ చెయ్యండి. మీ దగ్గర మిగిలిన ఓటర్ల జాబితా, ఏ గుమ్మం దగ్గర ఎవరు ఏం అడిగారో రాసుకున్న పుస్తకం జాగ్రత్తగా దాచుకోండి. ఆ ప్రశ్నల్లో బోర్డు చెయ్యగలిగినవి విడదీసి, తర్వాతి సమావేశంలో మాట్లాడటానికి చీటీ రాసివ్వండి.